ఛత్తా బజార్ జిల్ద్‌సాజ్ దగ్గర నా ‘హిమ్మత్’ పుస్తకం

హైదరాబాద్ పాతబస్తీ ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డుల ప్రెస్సుల మధ్య ఒక బైండింగ్ కొట్టు ఉంది. బోర్డు లేదు. మదీనా వైపు నుంచి లోపలికి వెళ్లి, కార్డులు ముడిచే పిల్లల్ని “జిల్ద్‌సాజ్ ఎక్కడ?” అని, అంటే బైండింగ్ చేసేవాడు ఎక్కడని, అడిగితే చెయ్యి చూపిస్తారు. మూడు మెట్లు, సగం దించిన షట్టరు, లోపల ఒక పెద్దాయన. అందరూ చాచా అంటారు, నేనూ అలాగే పిలిచాను. పాత పుస్తకాలు, చేతిరాత నోట్సులు, పారేయలేని కాగితాలు ఇంట్లో ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఈ కొట్టు గురించి రాస్తున్నాను.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి మూడేళ్ల కిందట రిటైరయ్యాను. పన్నెండేళ్లుగా ఒకే సంగతి మీద కాగితాలు పోగేస్తున్నాను. కాస్పియన్ సముద్రం ఒడ్డున బాకూ నగరంలో 1904లో పుట్టి 1920లో మాయమైన హుమ్మెత్ పార్టీ అది. రష్యన్ సామ్రాజ్యంలో అజర్‌బైజానీ ముస్లిం కార్మికుల కోసం వాళ్ల భాషలోనే పనిచేసిన పార్టీ. రష్యన్ పుస్తకాల జిరాక్సులు, ఇంగ్లిషు వ్యాసాల ప్రింట్లు, నేను తెలుగులో రాసుకున్న నోట్సు, అన్నీ కలిపి నాలుగు వందల పేజీలు దాటాయి. చాలాకాలం గుడ్డసంచీలో ఉన్నాయి.

రెండేళ్ల కిందట వాటిలో సగం ఒక జిరాక్స్ సెంటర్‌లో ఇచ్చి బైండ్ చేయించాను. వెన్నుకు వేడి గమ్ము పూసి, నిగనిగలాడే అట్ట అంటించి ఇరవై నిమిషాల్లో చేతిలో పెట్టారు. మొదటి ఎండాకాలానికే గమ్ము బీటలు వారింది. మే నెలలో ఒకరోజు 1905 నాటి పేజీలు కావాలని తెరిస్తే, ఆ పేజీలతో పాటు 1917 కూడా ఊడి ఒళ్లో పడింది. నంబర్లు వేయని కాగితాలు. వాటిని మళ్లీ వరసలో పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. అందుకే ఈసారి దారంతో కుట్టేవాళ్లే కావాలనుకున్నాను.

ఎంజీబీఎస్ మెట్రోలో దిగి ఆటోలో వెళ్లాను. చాచా సంచీ తీసుకుని, కాగితాల వంక కాదు, ముందు కాగితం అంచు వంక చూశాడు. ఒక షీటు తీసి రెండు వేళ్ల మధ్య వంచాడు. ఆ పైన ఒక్కొక్కటే తిప్పుతూ ఒకచోట ఆగిపోయాడు. అది హుమ్మెత్ పత్రిక మొదటి పేజీ నకలు. పైన పెద్ద అక్షరాల్లో పేరు. అప్పట్లో అజర్‌బైజానీ భాషను అరబిక్ లిపిలో రాసేవారు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదివాడు.

“యే తో హిమ్మత్ హై, అమ్మా!”

పన్నెండేళ్లుగా నేను ఆ మాటను రష్యన్ స్పెల్లింగులో చదివాను, ఇంగ్లిషు స్పెల్లింగులో చదివాను. అర్థం ‘పూనిక, ప్రయత్నం’ అని నోట్సులో రాసుకున్నాను. అది మన హిమ్మతే అని పుస్తకంలో చదివి తెలుసు కానీ, ఒక మనిషి నోట అలా పలకగా వినలేదు. ఆ రోజు వింటే ఒళ్లు ఝల్లుమంది. “హిమ్మత్ ఉంటే రా” అని మన గల్లీల్లో పిల్లలు అనుకునే మాటే అక్కడ నూనె బావుల దగ్గర ఒక పార్టీ పేరు.

ఆయన ఇంకో పేజీ తీశాడు. “అదాలత్” అన్నాడు. అది బాకూలో పనిచేసే ఇరాన్ కార్మికుల పార్టీ. మన దగ్గర అదాలత్ అంటే కోర్టు, వాళ్లకు న్యాయం. ఇంకోటి చూసి “ముసావాత్, బరాబరీ” అన్నాడు. అది వీళ్లకు పోటీగా నిలిచిన జాతీయవాద పార్టీ. అచ్చు మాత్రం ఆయనకు తేలిగ్గా లేదు. మన ఉర్దూ పత్రికలు వాలుగా జారే నస్తాలీఖ్‌లో ఉంటాయి, బాకూ పత్రికలు నిటారుగా ఉండే నస్ఖ్ అచ్చులో ఉంటాయి. వాక్యాలు అర్థం కాలేదు, భాష వేరు కదా. కానీ మాటలు ఒక్కొక్కటే గుర్తుపట్టి, తెలిసినవాళ్లు ఎదురైనట్టు పలికాడు. బైండింగ్ కొట్టు గురించి చెప్తూ ఇదంతా ఎందుకంటే, చేతికిచ్చిన కాగితం ఏమిటో చూసి పని మొదలుపెట్టే మనిషి దొరకడం ఈ రోజుల్లో అరుదు.

“ఎవరు వీళ్లు?” అని అడిగాడు. చాయ్ తెప్పించాడు. నేను చెప్పాను.

1901 నాటికి ప్రపంచంలో తీసే నూనెలో దాదాపు సగం బాకూ నుంచే వచ్చేది. బాలాఖానీ, సబూంచీ, బీబీ హైబత్ బావులు. నోబెల్ సోదరుల డబ్బు, రోత్‌షీల్డ్ డబ్బు అక్కడే ఉంది. చేతిపని నేర్చిన ఉద్యోగాలు ఎక్కువగా రష్యన్లకు, ఆర్మేనియన్లకు. మట్టి మోసే పని, బావి తోడే పని స్థానిక ముస్లింలకు, ఇరాన్ నుంచి వలసొచ్చిన వాళ్లకు. ఆ వలస కూలీలను అక్కడ ‘హమ్‌షహరీ’, అంటే ‘మన ఊరివాడు’, అనేవారు. చాచా ఈ మాటకు నవ్వి, తన కుర్చీ చెయ్యి మీద తట్టాడు. ఇక స్థానికులను రష్యన్ అధికారులు ‘తాతారులు’ అని రాసుకునేవారు, వాళ్ల సొంత పేరుతో కాదు. సోషల్ డెమోక్రాట్లు, అంటే అప్పటి రష్యన్ సోషలిస్టు కార్మిక పార్టీవాళ్లు, వేసే కరపత్రాలు రష్యన్‌లో వచ్చేవి. బావి దగ్గర ఉన్నవాడికి ఆ భాష రాదు.

హుమ్మెత్ పుట్టడానికి ముందు ఏడాదే, ఆ పార్టీ 1903 మహాసభలో, యూదు కార్మికుల సంస్థ బుంద్ తమకు పార్టీలో ప్రత్యేక స్థానం కావాలని అడిగితే కుదరదన్నారు. జాతికో పార్టీ ఉంటే కార్మికులు చీలిపోతారన్నారు. బుంద్ బయటికి నడిచింది. అయినా అదే పార్టీ బాకూ కమిటీ మరుసటి ఏడాది హుమ్మెత్‌కు ఒప్పుకుంది. సిద్ధాంతం మారలేదు. బావుల దగ్గర పనిచేసేవాళ్ల భాషలో మాట్లాడే దారి ఇంకోటి లేదు, అంతే. 1904 చివర, 1905 మొదట్లో రహస్యంగా పత్రిక ఆరు సంచికలు తెచ్చారు. 1904 డిసెంబర్‌లోనే బాకూ నూనె కార్మికులు పెద్ద సమ్మె చేసి, యజమానులతో రాతపూర్వకంగా ఒప్పందం చేయించుకున్నారు. రష్యన్ సామ్రాజ్యంలో అలాంటి ఒప్పందం అదే మొదటిది.

నాకు ఈ సంగతి ఎందుకు పట్టుకుందో చెప్పాలి. మా నాయిన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఉర్దూ కవి, కమ్యూనిస్టు నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ ఉపన్యాసాలు విన్న తరం. నాయిన యూనియన్‌లో ఒకప్పుడు కరపత్రాలు తెలుగులోనే వేసేవారు. నాయిన ఇంటికొచ్చి అమ్మతో అనడం నాకు గుర్తు: “పక్క బెంచీ మీద నాతోటే పనిచేసేటోడు, నాతోటే జీతం తీసుకునేటోడు, ఈ కాగితం వాడెట్ల చదువుతడు?” చివరికి తనే ఒక కాతిబ్‌ను, అంటే ఉర్దూ అందంగా రాసిపెట్టే లేఖకుణ్ని, పట్టుకుని, సొంత జీతంలోంచి ఇచ్చి ఉర్దూలో రాయించి తెచ్చాడు. వాటిలో తొమ్మిది కాగితాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. నాయిన పోయాక ఎక్కడో హుమ్మెత్ గురించి రెండు వాక్యాలు చదివాను. ఆయన అడిగిన ప్రశ్న ఆయనకంటే అరవై ఏళ్ల ముందు బాకూలో అడిగారని తెలిసి, అక్కడి నుంచి వదల్లేకపోయాను. ఆ రెండు వాక్యాల కోసమే రష్యన్ కూడా నేర్చుకున్నాను.

సరే, పని సంగతి.

విడి ఏ-ఫోర్ కాగితాలను జుజ్‌బందీ చేయడం కుదరదని చాచా తేల్చి చెప్పాడు. జుజ్‌బందీ అంటే కాగితాలను మడతపెట్టి, నాలుగేసి ఒక కట్టగా పెట్టి, మడత మధ్యలోంచి సూది దించి కుట్టడం. విడి కాగితానికి మడతే ఉండదు కదా. పక్కనుంచి పొడిచి కుట్టొచ్చు, కానీ పుస్తకం పూర్తిగా తెరుచుకోదు. అందుకని పెద్ద కాగితం మీద రెండేసి పేజీలు పక్కపక్కన వచ్చేలా, మడతపెడితే వరస కుదిరేలా మళ్లీ జిరాక్స్ తీయించమన్నాడు. ఏ పేజీ పక్కన ఏ పేజీ రావాలో పాత పెళ్లి కార్డు వెనక పెన్సిల్‌తో గీసిచ్చాడు: మొదటి కాగితం మీద 16, 1, దాని వెనక 2, 15. ఆ కార్డు దాచుకున్నాను. దానివల్ల ఖర్చు పెరిగింది, ఒక రోజు పోయింది. కానీ ఇప్పుడు పుస్తకం టేబుల్ మీద తెరిచి పెడితే చెయ్యి అడ్డం పెట్టక్కర్లేదు, అలాగే పడుకుంటుంది.

కుడుతున్నప్పుడు ఓ గంట కూర్చుని చూశాను. నూలు దారాన్ని మైనం ముద్ద మీద రెండుసార్లు లాగుతాడు. సూది లోపలికి, బయటికి, అడ్డంగా కట్టిన తాడు చుట్టూ ఒక చుట్టు, మళ్లీ లోపలికి. కట్ట చివర కింది కట్టతో కలిపి ముడి. ప్రతి కట్ట కుట్టాక చెక్కతో తట్టి కూర్చోబెడతాడు. కట్టలన్నీ అయ్యాక శికంజాలో, అంటే బిగింపు ప్రెస్సులో, బిగించి రాత్రంతా వదిలేశాడు. వెన్నుకు పూసేది మైదా ఉడికించిన జిగురు, వాళ్ల మాటలో లేయీ. అందులో మైలుతుత్తం వేస్తాడు, పురుగు పట్టకుండా. గిన్నెలో జిగురు లేత నీలంగా ఉంది. గమ్ము డబ్బా కూడా ఉంది కానీ అది రసీదు పుస్తకాలకట.

నా దగ్గర అరబిక్ లిపి పేజీలు నలభై దాకా ఉన్నాయి, 1917లో పార్టీ మళ్లీ లేచాక వచ్చిన పత్రిక నకళ్లు. వాటిని తేదీల ప్రకారం మధ్యలో పెట్టి ఇచ్చాను. చాచా ఒప్పుకోలేదు. అవి కుడినుంచి తెరుచుకోవాల్సినవి, ఎడమ పుస్తకంలో పెడితే చదివేవాడు ప్రతి పేజీకీ వెనక్కి నడవాలి అన్నాడు. అన్నీ తీసి చివర పెట్టాడు. ఇప్పుడు నా పుస్తకానికి రెండు మొదళ్లు. ఇటునుంచి తెరిస్తే తెలుగు, ఇంగ్లిషు, రష్యన్. తిప్పి అటునుంచి తెరిస్తే హుమ్మెత్ మొదటి పేజీ, వాళ్ల లిపిలో, వాళ్ల దిక్కున. ఈ ఒక్క ఆలోచనకే నేను ఆయనకు రెట్టింపు ఇచ్చినా తక్కువే. అజర్‌బైజానీలకు ఆ తర్వాత లిపి మూడుసార్లు మారింది. 1920లలో లాటిన్, 1939 తర్వాత సిరిలిక్, సోవియట్ యూనియన్ పోయాక మళ్లీ లాటిన్. ఇప్పుడు బాకూలో మామూలు మనిషి తన ముత్తాత చదివిన ఆ పత్రికను చదవలేడు. ఛత్తా బజార్‌లో చాచా పేరు చదవగలిగాడు.

అట్టకు మెరూన్ క్యాలికో గుడ్డ. ఆకుపచ్చ, నలుపు కూడా చూపించాడు. వెన్ను మీద బంగారు అక్షరాలు కావాలంటే ఇంగ్లిషు అచ్చులు ఆయన దగ్గరే ఉన్నాయి, తెలుగుకు లేవు. నాలుగు దుకాణాల అవతల బ్లాకు చేయించాలి. ఉర్దూలో ‘హిమ్మత్’ మాట ఒక ముసలి కాతిబ్‌తో కలంతో రాయించి, దాన్నే బ్లాకు చేయించాడు. ఆ కాతిబ్ రాసిన కాగితం నాకు ఇచ్చాడు. రెల్లు కలం మొదట సన్నగా దిగి, ‘హే’ దగ్గర గుండ్రంగా తిరిగి, చివరి ‘తే’ దగ్గర వెడల్పుగా పడవలా పరుచుకుంది. దాని పైన రెండు చుక్కలు, కలాన్ని ఏటవాలుగా పెట్టి ఒత్తినవి. కింద 1904–1920 అని అంకెలు.

ఆ అంకెలు చూసి చాచా అడిగాడు, “పదహారేళ్లేనా?”

నిజానికి అంత కూడా లేదు. 1907 తర్వాత అణచివేతలో పార్టీ చెల్లాచెదురైంది. మొదట్లో ఉన్న రసూల్‌జాదే తర్వాత ముసావాత్ నాయకుడయ్యాడు. డాక్టరు నరీమాన్ నరీమానోవ్, నవలలూ నాటకాలూ రాసిన మనిషి, అరెస్టయి ఆస్త్రాఖాన్‌కు ప్రవాసం వెళ్లాడు. 1917లో రష్యన్ చక్రవర్తి జారు పడిపోయాక ఆయనే హుమ్మెత్‌ను మళ్లీ నిలబెట్టాడు. 1918 మార్చిలో బాకూ వీధుల్లో వేల మంది ముస్లింలు చనిపోయారు. బోల్షివిక్కుల, అంటే లెనిన్ వర్గం, నడిపిన సోవియట్ (కార్మికుల పాలక మండలి) ఆర్మేనియన్ జాతీయవాదులతో కలిసి చేసిన పోరులో జరిగిన చావులవి. ఆ సోవియట్ వైపే ఉన్న హుమ్మెత్ వాళ్లు తమ బస్తీల్లో తలెత్తుకుని ఎలా తిరిగారో ఊహించుకుంటేనే నాకు గొంతు పట్టేస్తుంది. ఆ సెప్టెంబర్‌లో ఇంజినీరు మషదీ అజీజ్‌బేకోవ్‌ను మిగతా బాకూ కమిసార్లతో, అంటే ఆ సోవియట్ నాయకులతో, కలిపి కాస్పియన్ అవతల ఇసుకలో కాల్చేశారు.

1919లో మాస్కో హుమ్మెత్‌ను స్వయంప్రతిపత్తి ఉన్న కమ్యూనిస్టు పార్టీగా గుర్తించింది. అంటే పదిహేనేళ్ల పని తర్వాత అడిగింది దక్కింది. ఏడాది తిరక్కుండానే, 1920 ఫిబ్రవరిలో, బాకూలో రహస్య మహాసభ జరిగింది. హుమ్మెత్, అదాలత్, బాకూ బోల్షివిక్ సంస్థ మూడూ కలిసి అజర్‌బైజాన్ కమ్యూనిస్టు పార్టీ అయ్యాయి. ఏప్రిల్ 28 నాటికి ఎర్రసైన్యం బాకూలో ఉంది. హుమ్మెత్ అనే పేరు అక్కడితో సరి. నరీమానోవ్ ప్రభుత్వానికి అధిపతి అయ్యాడు, 1925లో మాస్కోలో చనిపోతే క్రెమ్లిన్ గోడ దగ్గర పాతిపెట్టారు. మొదటి నుంచీ ఉన్న సుల్తాన్ మజీద్ ఎఫెందియేవ్‌ను 1938లో కాల్చి చంపింది సోవియట్ ప్రభుత్వమే. తమ మనుషుల్ని తమ భాషలో కూడగట్టినందుకు మెచ్చుకున్నవాళ్లే, తర్వాత ఆ భాషపట్టింపునే అనుమానించారని నేను గట్టిగా నమ్ముతాను. నా తెలుగు నోట్సులో చివరి ముప్పై పేజీలు దీని గురించే.

చాచా ఏమీ అనలేదు. అంకెల బ్లాకు వేడి చేసి, ముందు పాత గుడ్డ ముక్క మీద కొట్టి చూసి, తర్వాత వెన్ను మీద ఒత్తాడు.

ఇక ఇబ్బందులు. అవి చెప్పకపోతే నేను మోసం చేసినట్టు. ఎనిమిది రోజులన్నాడు, పదమూడు రోజులయింది. రెండుసార్లు ఊరికే వెళ్లొచ్చాను. చాచా ఫోన్ ఎత్తడు, ఆయన మనవడి నంబరు తీసుకోవాలి. రసీదు ఇవ్వడు, కాబట్టి ఇచ్చే ముందు పేజీలు మీరే లెక్కపెట్టి, మొదటి, చివరి పేజీలు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. అంచులు సమంగా రావాలని మెషీన్ మీద కోయించేటప్పుడు పదకొండు పేజీల్లో నేను మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్న మాటలు సగానికి తెగిపోయాయి. అందులో ఒకచోట ‘నాయిన చెప్పిన’ వరకే ఉంది, తర్వాతిది కోతలో పోయింది. ఏం రాశానో గుర్తు తెచ్చుకోవడానికి చాలా ప్రయత్నించాను. రాలేదు. చాచాకు చూపిస్తే కొట్టు వెనక్కి వెళ్లి కోత ముక్కల సంచీ తెచ్చి గుమ్మంలో బోర్లించాడు. ఇద్దరం ముప్పావు గంట వెతికాం. ఆరు ముక్కలు దొరికాయి, వాటిని సన్నటి టిష్యూ కాగితంతో ఆయా పేజీలకు అతికించి ఇచ్చాడు. నాయిన ముక్క దొరకలేదు. మార్జిన్‌లో రాత ఉంటే కోత వద్దని ముందే చెప్పండి. అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నా పరవాలేదు.

ఖర్చు: కుట్టు, అట్ట, క్యాలికో కలిపి 650. తెలుగు, ఉర్దూ బ్లాకులకు 500. కాతిబ్‌కు 200 విడిగా, అది ఆయన చేతికే ఇచ్చాను. మళ్లీ తీయించిన జిరాక్స్ ఖర్చు నాదే. గమ్ము బైండింగ్‌తో పోలిస్తే ఎక్కువే. కానీ ఈ ఎండాకాలం పుస్తకాన్ని కావాలనే మేడమీది గదిలో, రేకు కింద ఉంచాను. ఒక్క దారం వదల్లేదు. వాన మొదలయ్యాక అట్ట కొంచెం వంగింది, రెండు బరువైన నిఘంటువుల కింద పెడితే సర్దుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం వెళ్లకండి, మూసేస్తాడు. మిగతా రోజుల్లో పదకొండు తర్వాత వెళ్తే ఉంటాడు. డబ్బు నగదుగా తీసుకెళ్లడం మంచిది, మనవడు ఉంటేనే ఫోన్‌పే. ఒకే రోజులో ప్రాజెక్టు రిపోర్టు కావాలనుకునే విద్యార్థులు ఇటు రాకండి, మీకూ ఆయనకూ ఇబ్బంది.

పోయిన వారం నాయిన దాచిన తొమ్మిది ఉర్దూ కరపత్రాలు పట్టుకుని మళ్లీ వెళ్లాను. కాగితం గోధుమరంగుకు తిరిగి, మడతల దగ్గర విరుగుతోంది. వీటిని కుట్టనన్నాడు చాచా, సూది పడితే చిరుగుతాయట. ఒక్కోటి విడిగా పల్చటి కాగితం మీద పరిచి, గుడ్డ పెట్టెలో పెట్టి ఇస్తానన్నాడు. మొదటి కరపత్రం చేతిలోకి తీసుకుని, పైనున్న శీర్షిక బయటికి చదివాడు. తర్వాత కింద మూలలో ఉన్న రాతను వేలితో చూపించి, ఆ కాతిబ్ తన ఉస్తాద్ అని చెప్పాడు.